మా నాన్నగారి మారియో

మా నాన్నగారు తెనాలిలో హైస్కూలు లెక్కల మాస్టారు. రేడియోలో క్రికెట్ స్కోరు వినేవారు, జిల్లా కబడ్డీ పోటీలకు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఆటలతో ఆయనకున్న సంబంధం అంతే. అలాంటి మనిషి 1993 నుంచి, నేను ఎప్పుడు ఫోన్ చేసినా, క్షేమ సమాచారాలన్నీ అయ్యాక ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడిగేవారు.

"మన మారియో ఎలా ఉన్నాడురా?"

మారియో లెమ్యూ. ఐస్ హాకీ ఆటగాడు. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్, 66వ నంబరు జెర్సీ.

నేను 1990 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి పిట్స్‌బర్గ్ వచ్చాను. అసిస్టెంట్‌షిప్ ఇచ్చారు కాబట్టి వచ్చాను. అమ్మ మాత్రం, అక్కడ పెన్ హిల్స్ కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి ఉందట, 1976 నుంచీ ఉందట, అందుకే పంపిస్తున్నామని వీధంతా చెప్పుకుంది. వచ్చిన మొదటి వారం ఊళ్ళో ఎవరిని కదిపినా ఒకాయన నడుము గురించే మాట్లాడుతున్నారు. బస్సు డ్రైవరూ అదే, బ్యాంకులో అకౌంటు తెరిచిన అమ్మాయీ అదే. ఎవరో రాజకీయ నాయకుడేమో అనుకున్నాను. ల్యాబ్‌లో నా పక్క బల్ల కుర్రాడు చెప్పాడు. మారియోకి జులైలో వెన్నుకు ఆపరేషన్ అయిందనీ, ఈ సీజన్‌లో ఆడతాడో లేదో తెలియదనీ. ఆ తర్వాత ఎముకకు ఇన్ఫెక్షన్ కూడా పట్టింది. నెలల తరబడి మంచం మీదే ఉన్నాడు. 50 ఆటలు పోయాయి.

ఆ కుర్రాడి తండ్రి హోమ్‌స్టెడ్ ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 1986లో అది మూతపడింది. ఊరికి మారియో ఎందుకంత ముఖ్యమో నాకు అర్థమయ్యేలా చెప్పింది అతనే. ఉక్కు ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతూ జనం ఊరు వదిలి వెళ్ళిపోతున్న రోజులవి. హాకీ టీమ్ 1983-84లో లీగ్ మొత్తంలో ఆఖరున నిలిచింది. ఆటకు సగటున ఏడు వేల మంది కూడా వచ్చేవారు కాదు. ఆఖరున నిలిచారు కాబట్టే కొత్త ఆటగాళ్ళను ఎంచుకోవడంలో మొదటి అవకాశం వాళ్ళకు వచ్చింది. ఆ అవకాశంతో తెచ్చుకున్నది మాంట్రియల్‌కి చెందిన పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి.

ఆ కుర్రాడు విల్-ఎమార్ అనే పేటలో పుట్టాడు. తండ్రి భవన నిర్మాణ పనివాడు. ముగ్గురు అన్నదమ్ములు చీకటి పడ్డాక కూడా ఆడుకోవాలని, ఇంట్లోనే మంచు తెచ్చి పరిచి గట్టిగా తొక్కి, దాని మీద స్కేటింగ్ చేసేవాళ్ళట. తల్లిదండ్రులే ఒప్పుకున్నారట. నాకు ఈ మాట చాలా నచ్చింది. జూనియర్ లీగ్‌లో చివరి ఏడాది 70 ఆటల్లో 282 పాయింట్లు. ఆ రికార్డును ఈనాటికీ ఎవరూ అందుకోలేదు. లెమ్యూ అన్న ఇంటిపేరును ఫ్రెంచిలో విడదీసి రాస్తే 'అందరిలోకీ మేలు' అని అర్థం వస్తుంది. ఇంక 66 అంటే, ఆ కాలపు హాకీ చక్రవర్తి వేన్ గ్రెట్స్కీ వేసుకునే 99ని తలకిందులు చేసిన అంకె.

1984 అక్టోబర్‌లో బోస్టన్‌లో మొదటి ఆట. మంచు మీదికి దిగిన మొదటిసారే రే బోర్క్ లాంటి గొప్ప డిఫెన్స్ ఆటగాడి దగ్గర పక్ (బంతికి బదులు ఆడే రబ్బరు బిళ్ళ) లాక్కుని, ఒంటరిగా దూసుకుపోయి గోల్ కొట్టాడు. జీవితంలో మొదటి షాట్ అది. ఊరికి వచ్చేనాటికి ఇంగ్లీషు సరిగా రాదు. ఒక స్థానిక కుటుంబం ఇంట్లో ఉంటూ, టీవీ సీరియల్స్ చూసి నేర్చుకున్నాడు. అప్పట్లో నా యాస కూడా ఎవరికీ అర్థమయ్యేది కాదు. సాయంత్రాలు టీవీ ముందు కూర్చుని వాళ్ళ మాటలు నోట్లో అనుకుంటూ ఉండేవాణ్ణి. ఇంత పెద్ద ఆటగాడు కూడా అలాగే కూర్చున్నాడని తెలిశాక నాకు బెంగ కొంచెం తగ్గింది.

1991 ఫిబ్రవరిలో మొదటిసారి ఆయన ఆట చూశాను. ల్యాబ్ కుర్రాడి తమ్ముడికి జ్వరం వచ్చి, టికెట్ నాకు ఇచ్చాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. అందరూ పరుగులు పెడుతుంటే ఈయన తొందర లేనట్టు తిరుగుతున్నాడు. పక్ దొరికితే చాలు, ఆ పొడవాటి చేతులతో స్టిక్ అంత దూరం చాపి, ఎదుటివాడికి అందనంత దూరంలో పెట్టుకుని వెళ్ళిపోతాడు. నా చుట్టూ ఉన్న పదహారు వేల మంది ఒక్కసారి సీట్లలోంచి లేచేవారు, ఏమీ జరగకముందే. నడుము వంగక, స్కేట్స్ లేసులు తనకు తాను కట్టుకోలేకపోయేవాడని, టీమ్ సామాను చూసుకునే మనిషి కట్టేవాడని తర్వాత తెలిసింది. లేసులు కట్టుకోలేని మనిషి అలా ఆడాడు.

ఆ మే నెలలో లీగ్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్, మిన్నెసోటాతో. రెండో ఆటలో ఇద్దరు డిఫెన్స్ ఆటగాళ్ళ మధ్య నుంచి దూరి, గోల్‌కీపర్‌ని ఒక పక్కకు లాగేసి, తను పడిపోతూ కొట్టిన గోల్ ఇప్పటికీ ఇక్కడ టీవీలో చూపిస్తూనే ఉంటారు. ఆ ఫైనల్ జరుగుతుండగానే, 21వ తేదీన, రాజీవ్ గాంధీని శ్రీపెరంబుదూరులో చంపేశారు. తెలుగు స్టూడెంట్స్ అందరం ఒకే గదిలో కూర్చుని ఇళ్ళకు ఫోన్లు చేస్తున్నాం, ఒక్కరికీ లైన్ దొరకదు. నాలుగు రోజులకు, 25న, పెంగ్విన్స్ 8-0తో గెలిచి కప్ తెచ్చారు. ఊరంతా కార్ల హారన్లు. మేం కిటికీ దగ్గర నిలబడి చూశాం. సంతోషపడాలో వద్దో తెలియలేదు.

1992లో మళ్ళీ కప్ వచ్చింది. ఈసారి మారియో చెయ్యి విరిగి కూడా తిరిగొచ్చి ఆడాడు. షికాగో మీద వరసగా నాలుగు ఆటలు. రెండేళ్ళూ ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడు ఆయనే.

ఇక 1993.

సంక్రాంతి ముందు అమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నాన్నగారి గొంతు బొంగురుపోయి నాలుగు నెలలైంది, దగ్గు మందులు వాడినా తగ్గలేదు, హైదరాబాద్ తీసుకెళ్తే స్వరపేటిక మీద పుండు అన్నారు, క్యాన్సరేనట, కానీ మొదట్లోనే పట్టుకున్నాం కాబట్టి కోత అక్కర్లేదు, కరెంటు (రేడియేషన్) పెడితే చాలన్నారు. అమ్మ ఉత్తరం రాసిన తీరు చూస్తే, రాసేటప్పుడు పక్కన ఎవరూ లేరని తెలుస్తోంది. నేను వెళ్ళిపోతానన్నాను. చదువు మధ్యలో వస్తే ఊరుకోనని నాన్నగారు బాబాయి చేత చెప్పించారు.

అదే వారం, భోగికి ముందు, జనవరి 12న, మారియోకి హాడ్జ్‌కిన్స్ అనే లింఫ్ క్యాన్సర్ అని ప్రకటించారు. మెడలో గడ్డ. అప్పటికి ఆయనకు 27 ఏళ్ళు. 40 ఆటల్లో 104 పాయింట్లతో లీగ్ అంతటికీ ముందున్నాడు. పెళ్ళి నిశ్చయమై ఉంది. పెన్ హిల్స్ గుడిలో సంక్రాంతికి కలిసిన మనవాళ్ళు కూడా పులిహోర తింటూ అదే మాట్లాడుకున్నారు. నేనొక మూల నిలబడి, ఇద్దరి పేరునా దండం పెట్టుకున్నాను.

నాన్నగారికి ఫిబ్రవరి మధ్యలో కరెంటు మొదలైంది. 30 సార్లు అన్నారు. మలక్‌పేటలో బాబాయి ఇంట్లో ఉండి రోజూ వెళ్ళొచ్చేవారు. బాబాయి ఇంట్లో ఫోన్ ఉండేది. అమెరికా నుంచి నిమిషానికి రెండు డాలర్ల పైమాటే అప్పట్లో, అయినా వారానికి రెండుసార్లు చేసేవాణ్ణి. కానీ నాన్నగారు మాట్లాడకూడదు. గొంతుకు పూర్తి విశ్రాంతి ఇవ్వాలన్నారు డాక్టరు. ముప్ఫై ఏళ్ళు క్లాసులో గొంతెత్తి పాఠం చెప్పిన మనిషి. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుంటారు. నేను అడిగిందానికి అవునంటే వేలితో ఒకసారి తట్టాలి, కాదంటే రెండుసార్లు.

"అన్నం తింటున్నారా?" ఒక తట్టు. "మంటగా ఉందా?" కాసేపు ఏమీ లేదు, తర్వాత ఒక తట్టు. అంతటితో నా ప్రశ్నలు అయిపోయేవి. అవతల ఊపిరి వినపడుతుంటుంది. ఏం మాట్లాడాలి? ఒకరోజు ఆ నిశ్శబ్దం భరించలేక మారియో గురించి మొదలుపెట్టాను. మా ఊళ్ళో ఒక ఆటగాడు ఉన్నాడు నాన్నగారూ, ఆయనకు కూడా మీలాగే మెడకు కరెంటు పెడుతున్నారు, ఆయనకు 22 సార్లట. ఇంట్లో మంచు పరిచి ఆడుకున్న సంగతి, టీవీ చూసి ఇంగ్లీషు నేర్చుకున్న సంగతి, లేసుల సంగతి చెప్పాను. బోర్ కొడుతోందా అని అడిగితే రెండుసార్లు తట్టారు, గట్టిగా.

అప్పట్నుంచి ప్రతి ఫోన్‌లోనూ కొంచెం కొంచెం. గోల్ కొట్టినవాడికి ఒక పాయింటు, పాస్ ఇచ్చినవాడికి కూడా ఒక పాయింటు అని చెప్పాను. అది ఆయనకు బాగా నచ్చిందని అమ్మ ఉత్తరంలో రాసింది. "అందించినవాడికి కూడా సమానంగా మార్కులు వేసే ఆట" అని పలక మీద రాసి బాబాయికి చూపించారట. ఆ రెండు నెలలూ ఇంట్లో ఆయన పలక మీదే మాట్లాడారు. 1988 డిసెంబర్ 31న ఒకే ఆటలో అయిదు రకాలుగా అయిదు గోల్స్ కొట్టాడని చెప్పినప్పుడు, రకాలన్నీ విడివిడిగా చెప్పమన్నారు అమ్మ చేత. రెండు పక్షాలూ సమానంగా ఉన్నప్పుడొకటి, అవతలివాళ్ళలో ఒకడు తగ్గినప్పుడొకటి, తమలో ఒకడు తగ్గినప్పుడొకటి, పెనాల్టీ షాట్ ఒకటి, చివర్లో ఖాళీ గోల్‌లోకి ఒకటి. నిమిషానికి రెండు డాలర్లు లెక్కన ఆ వివరణకు నాకు ఎంతైందో ఇప్పుడు గుర్తులేదు.

మార్చి 2, మంగళవారం. పొద్దున మారియోకి 22వ కరెంటు, చివరిది. అది పూర్తయ్యాక విమానమెక్కి ఫిలడెల్ఫియా వెళ్ళాడు, ఆ రాత్రి ఆట ఆడటానికి. ఫిలడెల్ఫియా వాళ్ళకు పెంగ్విన్స్ అంటే పడదు, తిట్టడంలో పేరున్న ప్రేక్షకులు. కాలి కమిలిన మెడ కనపడకుండా, ఒరుసుకోకుండా జెర్సీ లోపల మెడ దాకా ఉండే బనియన్ వేసుకుని వచ్చాడు. ఆయన మంచు మీదికి రాగానే ఆ ప్రేక్షకులందరూ లేచి నిలబడ్డారు. చప్పట్లు ఆగలేదు. టీవీ ముందు నేను, ల్యాబ్ కుర్రాడు, ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ ఆటలో ఒక గోల్ కొట్టాడు, ఒకటి అందించాడు. పెంగ్విన్స్ 5-4తో ఓడిపోయారు, అది ఎవరికీ పట్టలేదు.

ఆట అవగానే ఫోన్ చేశాను. అక్కడ పొద్దున తొమ్మిది, హాస్పిటల్‌కు బయలుదేరుతున్నారు. ఆ రోజు నాన్నగారికి పదమూడోది. అమ్మ రిసీవర్ ఆయనకిచ్చింది. చెప్పాను, ఇవాళ పొద్దున ఆఖరి కరెంటు పెట్టించుకుని రాత్రికి ఆడాడు నాన్నగారూ అని. తట్టలేదు. నేను ఇంకేదో చెప్పబోతుంటే, గాలిలాంటి గొంతుతో, చిరిగిన కాగితం కదిలినట్టు, వినిపించింది.

"గోల్ కొట్టాడా?"

వెనక నుంచి అమ్మ అరుపు, మాట్లాడొద్దన్నారుగా అని. "కొట్టాడు నాన్నగారూ" అన్నాను. ఒకసారి తట్టారు. ఫోన్ పెట్టేశారు. నేను ఆ రాత్రి వంటగదిలో నేల మీద చాలాసేపు కూర్చున్నాను.

ఆ తర్వాత జరిగింది హాకీ తెలిసినవాళ్ళు ఇప్పటికీ నమ్మలేనట్టుగా చెప్పుకుంటారు. తిరిగొచ్చేసరికి బఫెలో ఆటగాడు పాట్ లాఫాంటెయిన్ ఆయన కంటే 12 పాయింట్లు ముందున్నాడు. సీజన్ ముగిసేసరికి మారియో 12 పాయింట్లు ముందున్నాడు. 160కి 148. ఆయన ఆడింది 60 ఆటలే, లాఫాంటెయిన్ 84 ఆడాడు. పెంగ్విన్స్ వరసగా 17 ఆటలు గెలిచారు, అది ఇప్పటికీ రికార్డే. ఆ ఏడాది కప్ మాత్రం రాలేదు. నాకు దాని మీద పెద్ద బాధ లేదు.

మే నెలలో నాన్నగారి ఏరోగ్రామ్ వచ్చింది. ఉగాది దాటాక కరెంటు పూర్తయింది, గొంతు మెల్లగా వస్తోంది, ఊరికి వచ్చేశాం అని నాలుగు ముక్కలు రాసి, మిగతా కాగితమంతా లెక్క. "జబ్బుకు ముందు 40 ఆటల్లో 104, అంటే ఆటకు 2.6. జబ్బు తర్వాత 20 ఆటల్లో 56, అంటే 2.8. సగటు పెరిగినది. లెక్క సరిచూసి తెలుపగలవు." కింద ఎర్ర సిరాతో గీత. పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర సిరా. ఆ కాగితం నా దగ్గర ఉంది.

తర్వాతి సంవత్సరాలు తొందరగా గడిచాయి. అలసట, రక్తహీనతతో మారియో ఒక సీజన్ మొత్తం ఆడలేదు. తిరిగొచ్చి 161 పాయింట్లు చేశాడు. 1997లో, 31 ఏళ్ళకే, ఇక చాలన్నాడు. నాకు ఉద్యోగం ఇక్కడే వచ్చింది, పెళ్ళయింది. 1998లో టీమ్ దివాలా తీసింది. ఆయనకు ఇవ్వాల్సిన పాత జీతం బాకీలే మూడు కోట్ల డాలర్లకు పైగా ఉన్నాయి. ఇంకొకరైతే కోర్టులో వచ్చినంత తీసుకుని వెళ్ళిపోయేవారు. ఈయన ఆ బాకీలో ఎక్కువ భాగాన్ని వాటాగా మార్చుకుని, 1999లో టీమ్‌నే తీసుకున్నాడు. ఊరు దాటిపోకుండా ఆపాడు. ఫోన్‌లో చెబితే నాన్నగారు, "జీతం ఎగ్గొట్టిన షావుకారు కొట్టునే పాలేరు నిలబెట్టాడన్నమాట" అన్నారు. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

2000 అక్టోబర్‌లో అమ్మా నాన్నగారూ వచ్చారు, మా ఆవిడ పురుడికి. డిసెంబర్ మొదట్లో వార్త, మారియో మళ్ళీ ఆడబోతున్నాడని. మూడున్నరేళ్ళ తర్వాత, యజమానిగా ఉంటూనే. తన నాలుగేళ్ళ కొడుకు నాన్న ఆట ఎప్పుడూ చూడలేదని, వాడికి చూపించాలని కూడా ఉందన్నాడు. నెలలు నిండకుండా పుట్టి, చాలా రోజులు హాస్పిటల్‌లో ఉన్న పిల్లవాడు వాడు. ఈ సంగతి చెప్పినప్పుడు నాన్నగారు మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. ఏమీ అనలేదు.

డిసెంబర్ 27. టికెట్లు దొరికే ప్రసక్తే లేదు, టీవీలో చూశాం. ఆయన గౌరవార్థం పైకప్పుకు వేలాడదీసిన 66వ నంబరు బ్యానర్‌ను మెల్లగా కిందికి దించారు. ఆట మొదలైంది. అమ్మ కాఫీ తీసుకొచ్చి నాన్నగారి చేతికి ఇచ్చేలోపే, 33వ సెకనులో, మారియో గోల్ వెనక నుంచి పక్ అందించడం, సహచరుడు జాగర్ గోల్ కొట్టడం అయిపోయాయి. నాన్నగారు కాఫీ కింద పెట్టి, "అందించినవాడికి కూడా మార్కు ఉందిగా?" అన్నారు. ఉంది నాన్నగారూ అన్నాను. ఆ రాత్రి ఇంకొకటి అందించాడు, ఒకటి తనే కొట్టాడు.

ఫిబ్రవరిలో ఎలాగో రెండు టికెట్లు సంపాదించి ఆయన్ను సివిక్ ఎరీనాకి తీసుకెళ్ళాను. 1961లో కట్టిన పెద్ద ఉక్కు గుమ్మటం అది, జనం ఇగ్లూ అనేవారు. పైకప్పు తెరుచుకునేలా కట్టారని చెబితే తలెత్తి అతుకులు ఎక్కడున్నాయో వెతికారు. మంకీ క్యాప్, శాలువా, పైన నా జాకెట్. ఇప్పుడు ఆ గుమ్మటం లేదు, 2012 కల్లా పూర్తిగా కూల్చేశారు. ఎదురుగా కట్టిన కొత్త ఎరీనా ముందు మారియో కంచు విగ్రహం పెట్టారు. నాకు మాత్రం అటు వెళ్ళినప్పుడల్లా, నాన్నగారు కూర్చున్న సీటు గాల్లో ఎక్కడ ఉండేదా అని పైకి చూడటం అలవాటు.

ఆ రోజు సగం ఆట అయ్యాక అడిగాను, పక్ కనపడుతోందా నాన్నగారూ, చిన్నదిగా ఉంటుంది అని. "అది కనపడట్లేదురా" అన్నారు, అప్పటికి స్థిరపడిపోయిన బొంగురు గొంతుతో. "నేను ఆ అబ్బాయినే చూస్తున్నా. మెడ బాగానే ఉంది."

మారియో మరుసటేడు కెనడా కెప్టెన్‌గా ఒలింపిక్ బంగారు పతకం గెలిచాడు. 2005లో పద్దెనిమిదేళ్ళ సిడ్నీ క్రాస్బీ టీమ్‌లోకి వస్తే తన ఇంట్లోనే ఉంచుకున్నాడు, ఒకప్పుడు తనను ఎవరో ఉంచుకున్నట్టు. ఆ చలికాలమే గుండె లయ తప్పడం మొదలైంది. 2006 జనవరి 24న, ఇక ఆడలేనని చెప్పేశాడు.

ఆ రాత్రే తెనాలి ఫోన్ చేశాను. ఈసారి నిజంగానే అయిపోయింది నాన్నగారూ అన్నాను. కాసేపు మాట్లాడలేదు. వేలితో తడతారేమో అనిపించింది.

"మొత్తం ఎన్ని ఆటలురా?"

"915."

"గోల్స్?"

"690."

"అందించినవి?"

"1,033 నాన్నగారూ. మొత్తం కలిపి..."

"1,723" అన్నారు, నేను చెప్పేలోపే. "సరే, ఫోన్ పెట్టేయ్. బిల్లవుతుంది."